చెర్నోబిల్ ప్రమాదం - రేడియేషన్‌పై ప్రజావగాహన

1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఉక్రెయిన్ రిపబ్లిక్‌లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం, అణు విద్యుత్ చరిత్రలో అత్యంత తీవ్రమైనది. దాని తరువాత రేడియేషన్ ముప్పును గురించి ప్రజలకు తెలియజేయడానికి జరిగిన ప్రయత్నాలు, వాటిలోని జాప్యాలు, పొరపాట్లు, ఆ అనుభవం నుండి పుట్టిన కొత్త పద్ధతులు ఈ వ్యాసంలోని విషయం. ప్రమాదానికి దారితీసిన సాంకేతిక కారణాలు ఇక్కడ చర్చించబడలేదు. ఆ రాత్రి 1 గంట 23 నిమిషాలకు, ఒక భద్రతా పరీక్ష జరుపుతుండగా నాలుగవ రియాక్టరు పేలిపోయిందనీ, లోపలి గ్రాఫైట్ మండుతూ సుమారు పది రోజుల పాటు రేడియోధార్మిక పదార్థాలు గాలిలోకి వెలువడ్డాయనీ తెలుసుకుంటే ఇక్కడికి సరిపోతుంది.

ప్రాథమిక విషయాలు

రేడియేషన్‌కు రంగు, రుచి, వాసన లేవు. వరద వచ్చినా, నిప్పు అంటుకున్నా మనిషి తన కళ్ళతో చూసి తప్పుకోగలడు. రేడియేషన్ విషయంలో పరికరాన్ని, దానిని చదవగలిగినవారి మాటను నమ్మడం తప్ప మరో మార్గం లేదు. అందుచేత ఇటువంటి ప్రమాదాలలో సమాచారం కూడా ఔషధం వంటిదే.

చెర్నోబిల్ నుండి వెలువడిన పదార్థాలలో ప్రజారోగ్యం దృష్ట్యా రెండు ముఖ్యమైనవి. మొదటిది అయోడిన్-131. దీని అర్ధ జీవిత కాలం 8 రోజులు, అంటే ప్రతి 8 రోజులకు దాని రేడియోధార్మికత సగానికి తగ్గుతుంది. రెండు మూడు నెలలలో దాదాపుగా అంతరించిపోతుంది కాని, ఆ కొద్ది కాలంలోనే గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో చేరి హాని చేస్తుంది. రెండవది సీసియం-137. దీని అర్ధ జీవిత కాలం సుమారు 30 సంవత్సరాలు. ఇది మట్టిలో నిలిచి ఉండి గడ్డి, పాలు, పుట్టగొడుగులు, అడవి పండ్ల ద్వారా ఏళ్ళ తరబడి శరీరంలోకి చేరుతూ ఉంటుంది. మొదటిదానికి గంటలలో హెచ్చరిక కావాలి, రెండవదానికి దశాబ్దాల పాటు సాగే విద్య కావాలి. చెర్నోబిల్‌లో మొదటిది అందలేదు, రెండవది చాలా ఆలస్యంగా మొదలయ్యింది.

ఒక పదార్థంలో ఎంత రేడియోధార్మికత ఉన్నదో బెకరెల్‌లలోనూ, మనిషి శరీరంపై దాని ప్రభావం ఎంతో సీవర్టులలోనూ కొలుస్తారు. ఒక బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణు విఘటన. ఇది అతి చిన్న ప్రమాణం కనుక అంకెలు ఎప్పుడూ వేలలో, లక్షలలో కనిపించి భయం గొలుపుతాయి. సీవర్టు చాలా పెద్ద ప్రమాణం కనుక దానిలో వెయ్యవ వంతైన మిల్లీసీవర్టును వాడుతారు. భూమి, ఆకాశం, ఆహారం నుండి సహజంగానే మనిషికి సంవత్సరానికి సగటున 2.4 మిల్లీసీవర్టులు సోకుతాయి. మోనజైట్ ఇసుక ఉన్న కేరళలోని కరునాగపల్లి తీరంలో ఇది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. 1986లో ఖాళీ చేయించిన ప్రాంతాల ప్రజలకు సోకినది సగటున సుమారు 30 మిల్లీసీవర్టులు. ఈ రెండు ప్రమాణాల మధ్య తేడా తెలియకపోవడం వలన పుట్టిన అనవసర భయాలు, అనవసర ధీమాలు కూడా చాలానే ఉన్నాయి.

తొలి రోజుల మౌనం

అణు కేంద్రానికి 3 కిలోమీటర్ల దూరంలో దాని ఉద్యోగుల కోసం కట్టిన ప్రిప్యాత్ పట్టణంలో సుమారు 49 వేల మంది నివసించేవారు. ఏప్రిల్ 26 శనివారం. పిల్లలు బడికి వెళ్ళారు, తల్లులు పసివారిని బండ్లలో కూర్చోబెట్టుకొని వీధులలో తిరిగారు. అధికారిక ప్రకటన ఏదీ లేదు. మరునాడు మధ్యాహ్నం, అంటే ప్రమాదం జరిగిన సుమారు 36 గంటల తరువాత, వెయ్యికి పైగా బస్సులు తెప్పించి పట్టణాన్ని ఖాళీ చేయించారు. మూడు రోజులలో తిరిగి వస్తారని చెప్పడంతో చాలామంది గుర్తింపు పత్రాలు, కొద్దిపాటి ఆహారం మాత్రమే తీసుకొని బయలుదేరారు. ఆ పట్టణానికి నివాసం నిమిత్తం మళ్ళీ ఎవరూ తిరిగి రాలేదు. తరలింపు పని మాత్రం రెండు మూడు గంటలలో క్రమశిక్షణతో ముగిసిందన్నది కూడా చెప్పుకోవలసిన విషయమే.

బయటి ప్రపంచానికి ఈ సంగతి సోవియట్ ప్రభుత్వం ద్వారా తెలియలేదు. ఏప్రిల్ 28 ఉదయం స్వీడన్‌లో, సుమారు 1,100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో, పనికి వచ్చిన ఒక ఉద్యోగి బూట్లపై రేడియోధార్మికత ఉన్నట్లు పరికరం హెచ్చరించింది. లోపం తమ కేంద్రంలో లేదని తేలిన తరువాత గాలి వచ్చిన దిశను బట్టి మూలం సోవియట్ యూనియన్‌లో ఉన్నదని గ్రహించారు. ఆ రాత్రి 9 గంటలకు మాస్కో టెలివిజన్ వార్తలలో కొద్ది వాక్యాల ప్రకటన వెలువడింది. ప్రమాదం జరిగిందనీ, ఒక రియాక్టరు దెబ్బతిన్నదనీ, బాధితులకు సహాయం అందుతున్నదనీ మాత్రమే అందులో ఉన్నది. జనం ఏమి చేయాలో, ఏమి తినకూడదో ఒక్క మాటైనా లేదు.

ఏప్రిల్ 30 నాటికి గాలి కీవ్ నగరం వైపు మళ్ళింది. అయినా మే 1న ఆ నగరంలో కార్మిక దినోత్సవ ఊరేగింపు పిల్లలతో సహా యథావిధిగా జరిగింది. కిటికీలు మూసుకోవాలి, ఇల్లు తడిగుడ్డతో తుడవాలి, ఆకుకూరలు కడగాలి వంటి సూచనలు కీవ్ ప్రజలకు మే మొదటి వారంలో గాని అందలేదు. మే నెల మధ్యకు వచ్చేసరికి నగరంలోని బడులను ముందుగానే మూసివేసి పిల్లలను దూరప్రాంతాలకు పంపారు. దేశాధినేత మిఖాయిల్ గోర్బచేవ్ టెలివిజన్‌లో ప్రజలతో మాట్లాడినది మే 14న, అంటే 18 రోజుల తరువాత. అప్పటికి అయోడిన్-131 వలన జరగవలసిన హానిలో చాలా భాగం జరిగిపోయింది.

ప్రజలు బెదిరిపోయి తొక్కిసలాట జరుగుతుందన్న భయమే ఈ మౌనానికి కారణమని అధికారులు తరువాత చెప్పుకున్నారు. జరిగినది దీనికి విరుద్ధం. రేడియో చెప్పనిది పొరుగువారు చెప్పారు. కీవ్ రైల్వే స్టేషనులో టిక్కెట్ల కోసం జనం కిక్కిరిసిపోయారు. వోద్కా, ఎర్ర ద్రాక్షసారా తాగితే రేడియేషన్ పోతుందన్న నమ్మకం వ్యాపించింది. దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదు. కొందరు మందుల దుకాణాలలో దొరికే టింక్చర్ అయోడిన్‌ను తాగి గొంతు, ఆహారనాళం కాల్చుకున్నారు.

పాలు, అయోడిన్

పచ్చిక మీద పడిన అయోడిన్-131ను ఆవులు మేస్తాయి. రెండు మూడు రోజులలో అది పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగిన పిల్లల గ్రంథి చిన్నది కనుక, అదే మోతాదు పెద్దవారిలో కంటే వారిలో ఎక్కువ హాని చేస్తుంది. పైగా బెలారస్, ఉత్తర ఉక్రెయిన్‌లలోని పోలేసియే ప్రాంతపు నేలలో సహజంగానే అయోడిన్ తక్కువ. కొరతలో ఉన్న గ్రంథి దొరికిన అయోడిన్‌ను, అది ఏ రకమైనదైనా, ఆత్రంగా పీల్చుకుంటుంది.

దీనికి నివారణ తేలికైనదే. కొన్ని వారాల పాటు తాజా పాలు, ఆకుకూరలు మానివేయాలి. సకాలంలో పొటాషియం అయోడైడ్ మాత్ర వేసుకుంటే గ్రంథి మామూలు అయోడిన్‌తో నిండిపోయి, రేడియోధార్మిక అయోడిన్‌కు చోటుండదు. అయితే ఈ మాత్ర రేడియేషన్ సోకడానికి కాస్త ముందు గాని, సోకిన కొద్ది గంటలలో గాని వేసుకుంటేనే పనిచేస్తుంది. ఒక రోజు దాటితే ప్రయోజనం చాలా తక్కువ. సీసియం మీద, బయటి నుండి తగిలే కిరణాల మీద దీని ప్రభావం ఏమీ లేదు. దీనిని రేడియేషన్‌కు సర్వరోగ నివారిణిగా భావించడం నేటికీ కనిపించే పొరపాటు.

ప్రిప్యాత్‌లో స్థానిక వైద్య సిబ్బంది కొందరు చొరవ తీసుకొని మాత్రలు పంచారు. చుట్టుపక్కల పల్లెలలో చాలా వాటికి అవి సకాలంలో చేరలేదు. పల్లెలోని తల్లి తన ఇంటి ఆవు పాలనే బిడ్డకు పట్టింది. అవి పట్టవద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పొరుగున ఉన్న పోలండ్ దేశంలో దీనికి భిన్నంగా జరిగింది. మాస్కో నుండి సమాచారం లేకపోయినా, తమ పరికరాలు చూపిన అంకెలను నమ్మి అక్కడి వైద్య నిపుణులు ఏప్రిల్ 29న ప్రభుత్వాన్ని ఒప్పించారు. మాత్రల నిల్వలు సరిపోక మందుల దుకాణాలలో అయోడిన్ ద్రావణం తయారు చేయించి, బడులలో, ఆరోగ్య కేంద్రాలలో మూడు రోజులలో కోటికి పైగా పిల్లలకు తాగించారు. పచ్చిక మేసిన ఆవుల పాలను పిల్లలకు ఇవ్వకుండా పాలపొడి సరఫరా చేశారు. తీవ్రమైన దుష్ఫలితాలు చాలా అరుదుగా మాత్రమే కనిపించాయి.

ఫలితాలలో తేడా కొన్నేళ్ళకు బయటపడింది. 1992లో బెలారస్ వైద్యులు తమ దేశంలో పిల్లలలో థైరాయిడ్ కేన్సర్ పెరుగుతున్నదని నేచర్ పత్రికలో ప్రకటించారు. ఇంత త్వరగా రావడం అసాధ్యమని పాశ్చాత్య నిపుణులు కొందరు మొదట సందేహించారు, తరువాత అంగీకరించారు. ఐక్యరాజ్య సమితి రేడియేషన్ శాస్త్రీయ సంఘం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రమాదం నాటికి 18 ఏళ్ళ లోపు వయసున్న వారిలో 1991-2015 మధ్య బెలారస్, ఉక్రెయిన్, రష్యాలోని ఎక్కువగా కలుషితమైన ప్రాంతాలలో సుమారు 20 వేల థైరాయిడ్ కేన్సర్ కేసులు నమోదయ్యాయి. వీటిలో దాదాపు నాలుగవ వంతు రేడియేషన్ వలన వచ్చినవని అంచనా. మిగిలినవి వయసు పెరగడం, పరీక్షలు ఎక్కువ కావడం వంటి కారణాల వలన బయటపడినవి. ఈ కేన్సర్ చికిత్సకు బాగా లొంగేది కనుక మరణాలు తక్కువే. అయినప్పటికీ గ్రంథిని తొలగించిన పిల్లలు జీవితాంతం ప్రతిరోజూ హార్మోను మాత్ర వేసుకోవలసి ఉంటుంది.

ఇతర ఐరోపా దేశాలలో

రేడియోధార్మిక మేఘం సరిహద్దులు దాటినపుడు ఒక్కొక్క దేశం తన ప్రజలకు ఒక్కొక్క మాట చెప్పింది. ఇటలీ ఆకుకూరల అమ్మకాన్ని, చిన్నపిల్లలకు తాజా పాలను కొద్ది రోజులు నిషేధించింది. పశ్చిమ జర్మనీలో పిల్లలను ఇసుకలో ఆడుకోనివ్వవద్దని హెచ్చరించారు. పక్కనే ఉన్న ఫ్రాన్స్‌లో ఏ జాగ్రత్తా అక్కరలేదన్నారు. మేఘం సరిహద్దు దగ్గర ఆగిపోయిందా అన్న ఎత్తిపొడుపు ఫ్రెంచివారిలో స్థిరపడిపోయింది. ప్రభుత్వ అంకెలపై నమ్మకం పోయిన కొందరు పౌరులు అదే సంవత్సరంలో క్రిరాడ్ అనే స్వతంత్ర ప్రయోగశాలను స్థాపించుకున్నారు.

అతి భయం వలన జరిగిన నష్టానికి గ్రీస్ ఉదాహరణ. అక్కడ సోకిన రేడియేషన్ 1 మిల్లీసీవర్టు లోపే. అయినా పుట్టబోయే బిడ్డకు అవకరాలు వస్తాయన్న పుకార్లు వ్యాపించాయి. స్పష్టమైన సలహా ఇవ్వగల వైద్యులు కూడా తడబడ్డారు. తొలి మాసాలలో ఉన్న గర్భాలలో దాదాపు 23 శాతం ఆ భయంతో తొలగించబడి ఉంటాయని 1987లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంత తక్కువ మోతాదు వలన గర్భస్థ శిశువులకు హాని జరుగుతుందనడానికి ఆధారం లేదు.

బ్రిటన్‌లోని కంబ్రియా కొండలలో గొర్రెల పెంపకందారుల అనుభవం వేరొక పాఠం చెబుతుంది. 1986 జూన్‌లో గొర్రెల అమ్మకంపై ఆంక్షలు పెడుతూ, అవి మూడు వారాలే ఉంటాయని ప్రభుత్వ శాస్త్రవేత్తలు చెప్పారు. సీసియం బంకమట్టికి అంటుకొని గడ్డిలోకి రాకుండా ఆగిపోతుందన్నది వారి లెక్క. అది పల్లపు భూముల మట్టికి చెల్లుతుంది గాని, కొండ మీది పీట్ నేలలో సీసియం స్వేచ్ఛగా తిరుగుతూ ఏటేటా గడ్డిలోకి వస్తూనే ఉంది. ఏ గొర్రె ఏ కొండ మీద మేస్తుందో, ఏ నెలలో కిందికి దిగుతుందో తెలిసిన రైతులను ఎవరూ అడగలేదు. మొదట బ్రిటన్ మొత్తంలో సుమారు 10 వేల క్షేత్రాలకు వర్తించిన ఆ మూడు వారాల ఆంక్షలు, క్రమంగా తగ్గుతూ 2012లో గాని పూర్తిగా తొలగలేదు. ఈ వ్యవహారంపై బ్రయాన్ వైన్ అనే సామాజిక శాస్త్రవేత్త చేసిన పరిశీలన, నిపుణులకు సామాన్యులకు మధ్య సంబంధాలను అధ్యయనం చేసేవారికి పాఠ్యగ్రంథం వంటిదయ్యింది.

నార్వేలో రెయిన్‌డీర్ మాంసం మీద బ్రతికే సామీ తెగల జీవనోపాధి పోకుండా, 1986 నవంబరులో ఆ మాంసానికి పరిమితిని కిలోకు 600 నుండి 6,000 బెకరెల్‌లకు పెంచారు. ఇతరులు ఆ మాంసాన్ని అరుదుగా తింటారు కనుక వారికి ముప్పు లేదన్నది తర్కం. తర్కం సరైనదే కాని, నిన్నటి ప్రమాదకరమైన అంకె ఈరోజు సురక్షితం ఎలా అయిందన్న ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టమయ్యింది. రోజూ తినే సామీలకు మాత్రం వేరుగా ఆహార సలహాలు ఇచ్చారు.

పటాలు వెలుగులోకి రావడం

1986 ఆగస్టులో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో వలేరీ లెగాసోవ్ నాయకత్వంలోని సోవియట్ బృందం ప్రమాదం గురించి విపులంగా నివేదించింది. విదేశీ నిపుణులు ఆ నిజాయితీని మెచ్చుకున్నారు. కాని నిపుణులకు తెలిసినది పల్లెవాసులకు తెలియలేదు. ఏ ఊరిలో ఎంత సీసియం పడిందో చూపే పటాలు సుమారు మూడేళ్ళు రహస్యంగానే ఉన్నాయి. గ్లాస్‌నోస్త్ అనే బహిరంగ విధానం పుణ్యమా అని, రచయితలు, పాత్రికేయుల ఒత్తిడితో, 1989 తొలి నెలలలో అవి పత్రికలలో ప్రచురించబడ్డాయి. బెలారస్ రచయిత అలెస్ అదమోవిచ్, ఉక్రెయిన్ పాత్రికేయురాలు అల్లా యరోషిన్స్కయా ఇందుకు పాటుపడినవారిలో ముఖ్యులు. బెలారస్ భూభాగంలో 23 శాతం కలుషితమైనదన్న సంగతి అప్పుడు గాని అక్కడి ప్రజలకు తెలియలేదు. కలుషిత ప్రాంతం ఒకే వృత్తంగా లేదు. వాన ఎక్కడ కురిస్తే అక్కడ మచ్చలు మచ్చలుగా, కేంద్రానికి 200 కిలోమీటర్ల దూరాన కూడా ఉన్నది. మూడేళ్ళుగా ఆ మచ్చలలో పండినదే తిన్నామని తెలుసుకున్నవారికి ఇక ఏ అధికారి మాట మీదా గురి కుదరలేదు.

ఈ అవిశ్వాసాన్ని అధికారులు రేడియోఫోబియా అన్నారు. అంటే రేడియేషన్ మీద పెంచుకున్న అకారణ భయం అని అర్థం. తలనొప్పి, నీరసం, నిద్రలేమి అంటూ వచ్చినవారిని ఈ పేరుతో తిప్పి పంపేవారు. మానసిక ఆందోళన నిజంగానే విస్తృతమైన సమస్య. 2005లో వెలువడిన చెర్నోబిల్ ఫోరం నివేదిక కూడా దానిని ప్రమాదం మిగిల్చిన అతి పెద్ద ప్రజారోగ్య సమస్యగా పేర్కొన్నది. కాని వాస్తవాన్ని దాచినవారే భయాన్ని రోగమని పిలవడం బాధితులకు అవమానంగా తోచింది. అందుకు వారిని తప్పు పట్టలేము.

మృతుల సంఖ్య గురించిన వివాదం కూడా ప్రజలను అయోమయంలో పడవేసింది. తీవ్ర రేడియేషన్ జబ్బు సోకినట్లు నిర్ధారించిన 134 మంది సిబ్బందిలో 28 మంది 1986లోనే మరణించారు. దీనిపై వివాదం లేదు. ఎక్కువగా రేడియేషన్‌కు గురైన సుమారు 6 లక్షల మందిలో కాలక్రమేణా 4 వేల వరకు మరణాలు అదనంగా సంభవించవచ్చని చెర్నోబిల్ ఫోరం అంచనా వేసింది. ఐరోపా మొత్తాన్ని లెక్కలోకి తీసుకున్న ఇతర అంచనాలు దీనికి ఎన్నో రెట్లు ఉన్నాయి. కోట్ల మందికి సోకిన అతి స్వల్ప మోతాదులను ఎలా లెక్కించాలన్న విషయంలో ఏకాభిప్రాయం లేకపోవడమే ఈ తేడాకు కారణం.

పల్లెలలో ప్రజా విద్య

బెలారస్ భౌతిక శాస్త్రవేత్త వసీలీ నెస్తెరెంకో 1990లో బెల్‌రాద్ అనే స్వతంత్ర సంస్థను స్థాపించి, పల్లెలలో ఆహార పదార్థాలను కొలిచే కేంద్రాలను నెలకొల్పారు. చాలా చోట్ల బడిపంతుళ్ళు, ఆరోగ్య సిబ్బంది వీటిని నడిపేవారు. మనిషిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి ఒంటిలోని సీసియంను కొలిచే యంత్రాలతో ఆ సంస్థ బృందాలు బడి బడికి తిరిగేవి. పిల్లలకు పెక్టిన్ పొడి ఇవ్వాలన్న ఆయన సూచనపై శాస్త్రజ్ఞులలో భేదాభిప్రాయాలున్నాయి. కాని కొలత ప్రజల చేతిలో ఉండాలన్న ఆయన పద్ధతిని తరువాత చాలామంది అనుసరించారు.

ఫ్రెంచి నిపుణులు 1996లో బ్రెస్త్ ప్రాంతంలోని ఓల్మనీ గ్రామంలో ప్రారంభించిన ఎథోస్ కార్యక్రమం ఇటువంటిదే. జాక్ లోషార్ వంటి రేడియేషన్ రక్షణ నిపుణులతో పాటు వ్యవసాయ, సామాజిక శాస్త్రవేత్తలు అందులో ఉన్నారు. వారు ఉపన్యాసాలతో మొదలుపెట్టలేదు. గ్రామస్థుల కష్టాలేమిటో ముందుగా విన్నారు. ఇక్కడ ఉండవచ్చా, పిల్లలను పెంచవచ్చా అన్నదే అందరి ప్రశ్న. దానికి అవుననో కాదనో సమాధానం చెప్పడం తమ పని కాదని, సమాధానం వెదకడానికి కావలసిన పరికరాలు ఇస్తామని వారు చెప్పారు.

చిన్నపిల్లల తల్లులు కొందరు కొలత పరికరాలు తీసుకొని తమ ఇళ్ళలో, పెరళ్ళలో, పొలాలలో గది గదినీ, మూల మూలనూ కొలిచి కాగితం మీద గీసుకున్నారు. ఇంటి లోపల రేడియేషన్ తాము భయపడినంత లేదని, అసలు సమస్య తినే తిండిలో ఉన్నదని వారే తేల్చారు. ఒకే ఊరి పాలలో కూడా ఆవు మేసే బీడును బట్టి పెద్ద తేడా కనిపించింది. అడవి అంచున, చిత్తడి నేలలో మేసిన ఆవు పాలలో సీసియం ఎక్కువ, దున్ని ఎరువు వేసిన బీడులో మేసిన ఆవు పాలలో తక్కువ. పొయ్యి బూడిద మరొక ఆశ్చర్యం. అడవి కట్టెలలోని సీసియం మండినపుడు బూడిదలో పోగుపడుతుంది. దానిని కూరమడులకు ఎరువుగా చల్లడం అక్కడి అలవాటు. శుభ్రత కోసం పొయ్యి ఊడ్చే ఇల్లాలే తెలియక తన పెరటిని కలుషితం చేసుకుంటున్నదన్నమాట.

ఇటువంటి పరిశీలనల నుండి ఆచరణకు వీలైన జాగ్రత్తలు వచ్చాయి. పుట్టగొడుగులను నానబెట్టి ఉడికించి ఆ నీరు పారబోయడం, వాటిని, అడవి పండ్లను పిల్లలకు తక్కువగా పెట్టడం, శీతకాలంలో శుభ్రమైన ఎండుగడ్డిని పాలిచ్చే ఆవులకు కేటాయించడం, సీసియంను పేగులలోనే పట్టి ఉంచే ప్రష్యన్ బ్లూ రకపు మందును దాణాలో కలపడం వాటిలో కొన్ని. ఉపాధ్యాయులు ఈ కొలతలను లెక్కల పాఠాలలోకి తెచ్చారు. 1999 నుండి బెలారస్‌లో పాలకు లీటరుకు 100 బెకరెల్‌ల పరిమితి ఉన్నది. ఈ అంకె అర్థం ఏమిటో ఓల్మనీలో బడిపిల్లలు కూడా వివరించగలిగేవారు.

కార్యక్రమం 2001లో ముగిసింది. తరువాత అదే పద్ధతిని ఇతర జిల్లాలకు విస్తరించారు. 2009లో ఐక్యరాజ్య సమితి సంస్థలు మూడు దేశాలలోనూ ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, పాత్రికేయుల ద్వారా సరళమైన భాషలో సమాచారం అందించే ఒక పథకాన్ని చేపట్టాయి.

భారతదేశంలో

ఈ ప్రమాదం వలన భారతదేశంలో ఒక న్యాయ వివాదం తలెత్తింది. ఐర్లండ్ నుండి దిగుమతి అయిన వెన్నలో చెర్నోబిల్ రేడియోధార్మికత ఉన్నదని, దానిని బొంబాయి ప్రజలకు సరఫరా చేయరాదని అక్కడి పౌరులు కొందరు న్యాయస్థానానికి వెళ్ళారు. విషయం సుప్రీం కోర్టుకు చేరింది. కోర్టు నియమించిన నిపుణుల సంఘం ఆ వెన్న వాడకానికి హాని లేనిదేనని చెప్పడంతో 1988లో వివాదం ముగిసింది. ఆహారంలో రేడియోధార్మికతకు పరిమితులు ఉంటాయన్న సంగతి దేశంలో చాలామందికి ఈ సందర్భంలోనే తెలిసింది.

తరువాతి పరిణామాలు

ప్రమాదం జరిగిన ఐదు నెలలకు, 1986 సెప్టెంబరు 26న, అణు ప్రమాదాన్ని ఇతర దేశాలకు వెంటనే తెలియజేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. తీవ్రతను ప్రజలకు ఒక్క అంకెలో చెప్పడానికి 1990లో 0 నుండి 7 వరకు స్థాయిల కొలమానం ప్రవేశపెట్టారు. చెర్నోబిల్, 2011లో జపాన్‌లో జరిగిన ఫుకుషిమా ప్రమాదం మాత్రమే ఇంతవరకు 7వ స్థాయిగా నమోదయ్యాయి.

ఫుకుషిమాలో కలుషితమైన పాలను త్వరగా ఆపగలిగారు గాని, గాలి ఎటు వీస్తుందో చూపే కంప్యూటర్ అంచనాలను సకాలంలో వెల్లడించకపోవడంతో కొన్ని కుటుంబాలు ఎక్కువ రేడియేషన్ ఉన్న వైపుకే తరలివెళ్ళాయి. అదే నెలలో చైనాలో అయోడిన్ ఉప్పు రక్షణ ఇస్తుందన్న పుకారుతో జనం దుకాణాలలో ఉప్పు ఖాళీ చేశారు. మాత్రలో ఉండే మోతాదు రావాలంటే మనిషి తినలేనంత ఉప్పు తినవలసి వస్తుంది. ఆ సంవత్సరం శరదృతువు నుండి ఫుకుషిమా గ్రామస్థులతో జరిపిన సంభాషణ సభలకు ఓల్మనీలో పనిచేసిన జాక్ లోషార్ వెళ్ళారు, బెలారస్ అనుభవాన్ని వారితో పంచుకున్నారు. చేతి పరికరాలతో వీధి వీధినీ కొలిచి పటాలు ప్రచురించే సేఫ్‌కాస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా 2011లోనే జపాన్‌లో మొదలయ్యింది.